కాషన్ ఆర్డర్

ముందు మెట్లు దిగడం మరిచిపోయాను.
రెండో అంతస్తు నుంచి వెనక్కి తిరిగి
రెయిలింగు పట్టుకుని, పసిపిల్ల మంచం దిగినట్టు
ఒక్కో మెట్టూ పాదంతో తడుముకుంటూ దిగాను.
కింద వాటా భ్రమరాంబ గారు చూసి
"అంత డబ్బు కట్టి ఇది తెచ్చుకున్నావా?" అన్నారు.

పతకం గ్యాస్ సిలిండరు మెడలో వేశాను.
దానికి ఓపిక ఉంది, నెలన్నర మోస్తుంది.
బొటనవేలి గోరు వంకాయ రంగుకి తిరిగింది.
ఊడదు, ఉండదు,
ఖాళీ చేస్తానంటూ చేయని అద్దెవాడిలా.

ఫ్రిజ్ తలుపు మీద పదహారు వారాల కాగితం,
గడి గడికీ ఎర్ర టిక్కు.
పదిహేడో వారానికి గడి లేదు.
ఆదివారం తెల్లారుజామున నాలుగింటికే మెలకువ వచ్చి
ఎవరూ రమ్మనని చోటికి తయారైనదానిలా
మంచం అంచున కూర్చున్నాను.
నలభై రెండు కిలోమీటర్ల అవతల
ఏదో ఉంటుందనుకున్నానా?
అరటిపండు ఉంది. నీళ్ల సీసా ఉంది.
ఎవరో నా పేరు తప్పుగా పలికి చప్పట్లు కొట్టారు.

నా ఉద్యోగం చెప్పలేదు కదూ.
బెజవాడ రైల్వేలో, పట్టాల సెక్షన్లో గుమస్తాని.
ఎక్కడ కంకర తవ్వి జల్లెడ పట్టారో
ఎక్కడ స్లీపర్లు మార్చారో
అక్కడ బండి ఎంత మెల్లగా పోవాలో టైపు చేస్తాను.
మొదట ఇరవై. తర్వాత నలభై అయిదు.
తర్వాతెప్పుడో మామూలు వేగం.
పదిహేడేళ్లలో ఒక్క అంకె తప్పు పడలేదు.

మా ఇంజనీరు సుభానీ గారు
నా నడక చూసి నవ్వలేదు.
టీ గ్లాసు బల్ల మీద పెట్టి
"కొత్త కంకర పైకి గట్టిగానే కనబడుతుందమ్మా.
రాయికి రాయి ఇంకా పరిచయం కాలేదు.
బండ్లు మెల్లగా పోతేనే
అవి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి" అన్నారు.
ఏ రాళ్ల గురించో నేను అడగలేదు.

పదకొండో రోజు.
సత్యనారాయణపురంలో, ఒకప్పుడు రైలు కట్ట ఉన్న రోడ్డు.
చిన్నప్పుడు గేటు పడితే ఇక్కడే రిక్షాలో
వేరుశెనక్కాయలు వలుచుకుంటూ వ్యాగన్లు లెక్కపెట్టాను.
యాభై ఎనిమిది దాకా గుర్తుంది.
వాచీ ఇంట్లో వదిలేశాను.
వదిలేశానంటే, రెండుసార్లు వెనక్కెళ్లి వదిలేశాను.

మొదటి అడుగుకి మోకాలు
"ఎవరూ?" అంది, గొళ్లెం తీయకుండానే.
నాలుగు కరెంటు స్తంభాలు పరుగు, రెండు నడక.
మంకీ క్యాపు పెద్దాయన ఒకాయన
పాల ప్యాకెట్ల సంచీతో, హవాయి చెప్పులతో
నన్ను దాటి పోయాడు.
పోయి, వెనక్కి చూశాడు,
జాలో గెలుపో తెలియలేదు.
ఒళ్లు మండింది.
"అయ్యా, పదకొండు రోజుల కిందట నేను..."
నోటిదాకా వచ్చింది.
కాళ్లు తమంతట తామే బారలు చాచాయి.
పది అడుగులు.
పిక్కలో సన్నగా తీగ లాగింది.
ఆగాను.
ఇరవై అని రాసిన చేత్తోనే
ఇంకేం రాద్దామని?
ఆయన్ని పోనిచ్చాను.

దూరంగా జంక్షన్లో ఏదో గూడ్సు
చాలాసేపు కూత వేసి కదిలింది
ఒక్కో కప్లింగూ లాక్కుంటూ, టక్, టక్, టక్.
చివరి పెట్టెకి కబురు చేరేసరికి
ఇంజను ఎక్కడో ఉంటుంది.
నా నడుమూ, మడమలూ, ఆ వంకాయ గోరూ
ఆ కబురు కోసమే చూస్తున్నట్టున్నాయి.

ముప్పై నాలుగో కిలోమీటరు దగ్గర
ఫ్లైఓవరు మీద ఏడ్చానని ఎవరికీ చెప్పలేదు.
పక్కన పరిగెత్తే కుర్రాడు ఉప్పు పొట్లం విప్పి
సగం నా అరచేతిలో పోశాడు. పేరు అడగలేదు.
ఆ ఉప్పు ఇవాళ నాలుక మీదకొచ్చింది,
రెండు కిలోమీటర్లు కూడా లేని ఈ పరుగులో.

ఇడ్లీ బండి నాంచారమ్మ ఆవిరి వెనకనుంచి
"పరుగా, నడకా?" అంది.
"రెండూ కాదు" అన్నాను.
నిలబడే తిన్నాను.
కూర్చుంటే లేవడం ఇంకా పెద్ద పనే.

మధ్యాహ్నం సెక్షన్ నుంచి కాగితం వచ్చింది,
ఇరవై తీసి నలభై అయిదు వేయమని.
టైపు చేసిచ్చాను.
సంతకం పెట్టబోతూ సుభానీ గారు
కళ్లద్దాల పైనుంచి చూశారు.
"ఇది పట్టాలకేనా అమ్మా?"
"పట్టాలకే" అన్నాను.

సాయంత్రం మెట్లు ముందుకు తిరిగే దిగాను.
రెయిలింగు మాత్రం వదల్లేదు.